పదహారు దాకా

పిడుగు పడ్డది ఆసరెల్లి దవాఖాన మీద కాదు,
వెనుక మోదుగు చెట్టు మీద.
చెట్టు బతికింది.
ల్యాబు కంప్యూటర్ల నెట్‌వర్క్ కార్డు సచ్చింది.

సిరొంచ నుంచి నేను తడుసుకుంట వచ్చేసరికి
సిస్టర్ వైశాలి ఉసెండి
రిపోర్టులు చేత్తోని రాస్తున్నది మరాఠీల,
పేర్లు మాత్రం ఎట్ల పలికితే అట్ల:
దుర్గం పోశక్క, గావ్డె చిన్ని, తలండి మంగ్రు...
పదకొండు నెత్తుటి చుక్కలు, కొడవలి కణాల పరీక్ష.
రేపు పదింటికల్ల జిల్లాకు చేరాలె.
జిల్లా అంటే గడ్చిరోలి,
నడుమ అడివి, అడివి నడుమ తెగిన కల్వర్టు.

నా సంచిల ఒక పాత కార్డు,
మంచిర్యాల తుక్కు కొట్టుల నూట ఎనభైకి బేరమాడింది.
ఏ ఆఫీసు మాటలు మోసి మోసి అలిసిందో,
బంగారు పండ్ల మీద మసి.
సిస్టర్ బిడ్డ కంపాసు డబ్బల రబ్బరు అడుక్కొని
పండ్లు తోమిన, ఉఫ్‌మని ఊదిన,
సందుల పెట్టి రెండు బొటనవేళ్ళతోని ఒత్తిన.
టక్కుమన్నది.
స్క్రూ సరిపడలే, పిన్నీసు వంచి కట్టిన.

తెర మీద ఒక్కటే తెల్ల వరుస:
కార్డు కనపడుతున్నది, ఫర్మ్‌వేర్ దొరుకుతలేదు.
ఇనుమొచ్చింది, ఇగురం రాలే.

గదేంది, అన్నది సిస్టర్.
చెప్పిన:
కరెంటు పోయినప్పుడల్లా ఇది తనెవరో మరుస్తది.
లేచినప్పుడల్లా ఎవరో ఒకరు చెవుల చెప్పాలె,
నువ్వు గిది, నీకు గిన్ని కండ్లు,
తీగెల వచ్చేది మాట, ఉరుము కాదు అని.
గా చెప్పే ముక్క ఒక చిన్న ఫైలు.
మరి చెప్పరాదు?
ఫైలు నెట్టుల ఉన్నది.
నెట్టు?
కార్డు లేస్తే వస్తది.

ఆమె నవ్వలే.
మా నాయిన జాతి కాగితానికి తాత కాగితం తెమ్మన్నరు,
తాతకు కాగితం కావాలంటే
ఆయన మళ్ళ పుట్టాలె, అన్నది.

గోదారి ఒడ్డుకు పోయిన.
అక్కడొక బండరాయి, ఎక్కి నిలబడితే
అవుతలి ఒడ్డు టవరు రెండు గీతలు పంపుతది.
ఫోను నెత్తి మీద పట్టుకొని నిలబడ్డ,
వాన నా మోచేతి మీదికెల్లి కారుతున్నది.
తొంభై కిలోబైట్లకు ఇరవై నిమిషాలు.
తెచ్చి ఎక్కిస్తే
దీపం ఒక్కసారి కన్ను కొట్టి ఆరిపోయింది.

కార్డు కడుపు మీద చీటీ సగం చెరిగింది.
నేను మూడు అనుకున్నది ఎనిమిదట.
మళ్ళ ఒడ్డు, మళ్ళ బండరాయి.
ఈసారి గీత ఒక్కటే.

తిరిగొచ్చి డ్రైవరును దించి, ఫైలును దాని జాగల పెట్టి,
డ్రైవరును మళ్ళ ఎక్కించిన.
ముందు నారింజ. తర్వాత, నేను తల తుడుసుకునే లోపల,
ఆకుపచ్చ.
అడ్రసుకు కొత్త నంబరు ఇయ్యలే,
సచ్చిన కార్డు నంబరే ఇచ్చిన.
జిల్లా కంప్యూటరు దాన్నే గుర్తుపడతది,
లోపల ఎవరు మారిన్రో దానికెందుకు?

పదకొండు రిపోర్టులు పోయినయి.
ఎవరి నెత్తుర్ల ఏమున్నదో నేను చూడలే,
అది నా పని కాదు.
మంగ్రు పేరు మాత్రం పోవడానికి జర సేపు పట్టింది,
గా సేపు ఇద్దరం మాట్లాడలే.

చాయ్ తాగుతుంటే కరెంటు పోయింది.
ఇన్వర్టరు సచ్చి రెండేండ్లాయె.
అర్ధగంటకు వచ్చినంక సిస్టర్‌కు చెప్పిన:
స్విచ్ నువ్వే వెయ్యి. వేసినంక ఏదీ ముట్టకు,
పదహారు దాకా లెక్కపెట్టు.
ఫైలు ఇప్పుడు డిస్కులనే ఉన్నది,
దాని చెవుల అదే చెప్పుకుంటది.

వేసింది. చేతులు ఒళ్ళో పెట్టుకున్నది.
మరాఠీలనో, ఇంట్ల మాడియాలనో,
నాతోని మాట్లాడే తెలుగులనో,
పెదవులు కదిలినయి, లెక్క వినపడలే.
నా లెక్కకైతే పద్నాలుగుకే వెలిగింది.
ఆమె పదహారు దాకా పోయి
ఆగింది.